ఇంటిపేరు మారిన జీవులు

బిడ్డల చేతిలో పట్టా చూద్దామని పొద్దున్నే పాలు పిండి, పనులు ముగించుకుని బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం.

ఇందాక పట్టాలిస్తూ మీ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంటే చెవి అటే పెట్టుకుని విన్నాను. మన హోసూరులో పేరు సరిగ్గా పలకడం తేలిక కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం, ప్రయోగశాలలో ఇంగ్లీషు. అవ్వాతాతల నుంచి వచ్చిన ఇంటిపేరు బడి రిజిస్టరులోకి ఎక్కేసరికి ఒక్క పొడి అక్షరమైపోతుంది. అసలు పేరులో ఒక అక్షరం తప్పు పడితే ఆఫీసుల చుట్టూ తిరగాలి, అఫిడవిట్ రాయించాలి, గెజిట్‌లో వేయించాలి. మీలో కొందరు ఆ తిరుగుడంతా తిరిగాకే ఈ కుర్చీల్లో కూర్చుని ఉంటారు. పేరు తప్పయితే పట్టా మీదని చెప్పుకోలేరు కనక తిరిగారు.

నలభై ఏళ్ళుగా నేను చేస్తున్నదీ పేర్లు దిద్దే పనే. మనుషులవి కావు, బల్లులవి, పాములవి, చేపలవి. కొత్త జీవి కనబడితే దాన్ని వర్ణించి పేరు పెట్టడం, పాత పేరు తప్పని తేలితే సరిచేయడం. ఈ పనికి పత్రికల్లో చోటు దొరికేది కొత్త జీవి దొరికిన రోజునే. దిద్దుబాటు సంగతి ఎవరూ రాయరు. అందుకే ఇవాళ దిద్దుబాటు గురించే ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

జంతువు శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. ముందు ప్రజాతి, వెనక జాతి. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో వేసిన గ్రంథం పదో కూర్పు నుంచి జంతువుల పేర్ల లెక్క మొదలవుతుంది. తరగతిలో ఎంత చెప్పినా పిల్లలకు ఈ వరస ఎక్కేది కాదు. ఒకరోజు మన తెలుగువాళ్ళ పద్ధతిలో చెప్పాను. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్లకు ఇంటిపేరు మారవచ్చు, అమ్మ పెట్టిన పేరు అలాగే ఉంటుంది. జీవుల సంగతీ అంతే. పరిశోధనలో ఒక జాతి వేరే ప్రజాతికి చెందుతుందని తేలితే ఇంటిపేరు మారుతుంది, సొంత పేరు వెంట వస్తుంది. మహా అయితే కొత్త ఇంటి వ్యాకరణానికి తగ్గట్టు చివరి అక్షరం కాస్త మారుతుంది. పేరు పెట్టినవాడి పేరు చుట్టూ అప్పుడు కుండలీకరణాలు పడతాయి. పుస్తకంలో ఆ రెండు గీతలు కనిపిస్తే ఈ జీవి ఒకప్పుడు ఇంకో ఇంట్లో ఉండేదని అర్థం.

మన కట్లపామునే చూడండి. 1801లో ష్నైడర్ దాన్ని 'సూడోబోవా' అనే ఇంట్లో పెట్టి 'కేరులియా' అన్నాడు. 1803లో దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కట్లపాములకు వేరే ఇల్లు కట్టాడు. ఆ ఇంటిపేరు 'బంగారస్'. అవును, మన బంగారమే. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమండల్ తీరపు పాముల మీద 1796లో పెద్ద గ్రంథం వేశాడు. ఒక్కో పామును అక్కడి జనం ఏమంటారో అడిగి, విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. పసుపు, నలుపు పట్టెలున్న పామును చూపించి ఎవరో 'బంగారం పాము' అన్నారు. అది పుస్తకంలోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి పారిస్‌కు వెళ్ళింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ కట్లపాము శాస్త్రీయ నామం రాసినా ఆ తెలుగు మాట రాయక తప్పదు. పామును చూపించిన ఆ మనిషి పేరు మాత్రం మనకు దక్కలేదు. నా మనసులో ఆ లోటు అలాగే ఉంది.

రెండు వందల ఏళ్ళు దాటాక మన పొరుగునే ఇంకో బంగారం పుట్టింది. 2020లో ఇషాన్ అగర్వాల్, అక్షయ్ ఖండేకర్, వారి సహచరులు మైసూరు పీఠభూమి గుండ్ల మీద బతికే మూడు పగటి బల్లుల్ని కొత్తగా వర్ణించారు. ఇంటిపేరు 'నెమాస్పిస్'. సొంత పేర్లు 'బంగార', 'గ్రానిటికోలా', 'యలగిరియెన్సిస్'. మొదటిది కోలారు జిల్లాది, కన్నడంలో బంగార అంటే మన బంగారమే. రెండో పేరుకు గ్రానైట్ మీద కాపురముండేది అని అర్థం. మూడోది యలగిరి కొండది, అది మన కృష్ణగిరికి తూర్పున పక్క జిల్లాలో ఉంది. మ్యాపు మీద వేలు పెట్టి చూడండి, మన హోసూరు ఉన్న మొరసునాడు చుట్టూ తిరిగొస్తుంది.

వేలెడంత కూడా ఉండని జీవులు. మన ఇంటి గోడల మీది బల్లికి కంటిపాప నిలువు గీతలా ఉంటుంది, వీటికి గుండ్రంగా ఉంటుంది. 1853లో జెర్డన్ అనే వైద్యుడు బెంగళూరు దగ్గరి బల్లికి 'మైసూరియెన్సిస్' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల గుండ్ల మీద ఇలాంటిది ఏది కనబడినా నూటయాభై ఏళ్ళకు పైగా అదే పేరుతో సరిపెట్టేశారు. చూపుకు ఒకటే మరి. తొడల కింది రంధ్రాలు లెక్కపెట్టి, వీపు పొలుసుల వరసలు లెక్కపెట్టి, డీఎన్ఏ పోల్చి చూస్తే ఒక్కటి కాదని తేలింది. ఈ గుంపు చీలికలు మయోసీన్ యుగం నాటివని ఆ పరిశోధకుల అంచనా. అంటే 2.3 కోట్ల ఏళ్ళ నుంచి 53 లక్షల ఏళ్ళ కిందటి వరకు నడిచిన కాలం. చుట్టూ నేల ఎండిపోతూ వస్తుంటే గుండ్ల సందుల్లోని నీడ, చెమ్మ వీటిని కాపాడాయి. గ్రానైట్ గుండ్లు వీటికి తలదాచుకునే చోటైనాయని ఆ పరిశోధన చెప్పింది.

కృష్ణగిరిలో గ్రానైట్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది క్వారీ. కొండను పలకలుగా కోసి, మెరుగుపెట్టి, ఓడలెక్కించే పని. ఆ పని మీద బతికే ఇళ్ళు ఈ సభలోనూ ఉన్నాయి. వాళ్ళ చెమట మీద నాకు గౌరవం తప్ప ఇంకేమీ లేదు. నేను అడిగేది ఒక్కటే. కొండకు లైసెన్సు ఇచ్చే ముందు ఆ గుండ్ల మీద ఏముందో ఎవరైనా చూశారా? ఏడు కొండల మీద ఒకే జాతి ఉంటే ఒక కొండ పోయినా ఆరు మిగులుతాయి. ఏడు కొండల మీద ఏడు జాతులుంటే, ఒక కొండతో పాటు ఒక జాతి మొత్తం పోతుంది. మన దగ్గర ఉన్నది వీటిలో ఏ లెక్కో తేల్చేది వర్గీకరణ ఒక్కటే. 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూళ్ళున్నాయి. పేరే లేని జీవిని ఏ షెడ్యూల్లో రాస్తారు?

పేరు లేకపోతే ఇంత నష్టం. తప్పు పేరుంటే జరిగే నష్టం దీనికన్నా పెద్దది.

మన మామిడి మండీలో తోతాపురి అని ఒకరంటారు, బెంగళూరా అని ఇంకొకరంటారు, చిత్తూరు నుంచి వచ్చిన వ్యాపారి కలెక్టర్ కాయ అంటాడు. ఒకే కాయకు మూడు పేర్లు. ఇబ్బందేమీ లేదు, లారీలోకి ఎక్కేది అదే కాయ. దీనికి తలకిందులుగా రెండు జీవులకు ఒకే పేరుంటే ఏమవుతుందో కావేరి చెబుతుంది.

అంచెట్టి అడవులు దాటి వెళ్తే బిళిగుండ్లు దగ్గర కావేరి కనిపిస్తుంది. మన వైపు అడవిని 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించారు. ఈ నదిలో మూపురం మహసీర్ అనే చేప ఉండేది. ఎద్దుకున్నట్టు తల వెనక ఎత్తు, నారింజ రంగు రెక్కలు. 1873లో హెచ్.ఎస్. థామస్ గాలం వేట మీద రాసిన పుస్తకంతో ఇక్కడి మహసీర్లు లోకానికి తెలిశాయి. 1946లో కావేరి ఉపనది కబినిలో పట్టిన ఒక చేప 120 పౌండ్లు తూగింది, 54 కిలోలకు పైమాటే. అంత పేరున్న చేపకు శాస్త్రంలో సరైన పేరు లేదు. 1839లో సైక్స్ దక్కన్ చేపల్లో ఒకదానికి పెట్టిన 'ముసుల్లా' అనే పేరును దీనికి తగిలించి నడిపించారు.

1970ల నుంచి మహసీర్లు తగ్గుతున్నాయన్న దిగులుతో హేచరీల్లో పిల్లల్ని పెంచి నదుల్లో వదిలారు. మంచి మనసుతోనే చేశారు. కానీ వదిలింది నీలి రెక్కల మహసీర్, 'టార్ ఖుద్రీ'. మహారాష్ట్ర వైపు చేప. మహసీర్ అంటే మహసీరే కదా అనుకున్నారు. వచ్చిన చేప నిలదొక్కుకుంది, ఉన్న చేప తగ్గిపోయింది. గాలం శిబిరాల వాళ్ళు ఏళ్ళ తరబడి రాసుకున్న లెక్కల్లోనే అది బయటపడింది.

2018లో ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్, వారి సహచరులు మోయార్ నదిలో దొరికిన మూపురం చేపల్ని కొలిచి, డీఎన్ఏ చూసి చిక్కు విప్పారు. అది ముసుల్లా కానే కాదు. 2011లో కేరళలోని పాంబార్ నది నుంచి వర్ణించిన 'టార్ రెమాదేవియై' ఇదే. పాంబార్ కూడా కావేరిలో కలిసే నీరే. చేపల శాస్త్రవేత్త రెమాదేవి గౌరవార్థం పెట్టిన పేరు అది. 2018లోనే ప్రపంచ రెడ్ లిస్టులో ఆ చేపను అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. పేరు ఖాయమయ్యాకే అది సాధ్యమైంది. నలభై ఏళ్ళు ముందు ఈ పని జరిగి ఉంటే నదిలోకి ఏ చేప పిల్లల్ని వదిలేవాళ్ళో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

తప్పు పేరు మన తరగతి గదిలోనూ ఉంది. జువాలజీ చదివినవాళ్ళు మీ రికార్డు పుస్తకం తీసి చూడండి. పసిరిక పాము బొమ్మ కింద 'అహేటుల్లా నాసుటా' అని ఉంటుంది. నేనూ ఏళ్ళ తరబడి అదే నేర్పాను. 2020లో వచ్చిన పరిశోధన ప్రకారం నాసుటా శ్రీలంక పాము. మన మైదానాల పసిరిక పాము 'ఆక్సిరింకా'. ఇది కొత్తగా కట్టిన పేరు కాదు. 1825లో బెల్ పెట్టి, తర్వాత అందరూ పక్కన పడేసిన పేరు. సరైన మొదటి పేరుకే హక్కు అనే నియమం వల్ల దాదాపు రెండు వందల ఏళ్ళకు తిరిగొచ్చింది. 'అహేటుల్లా' సింహళ మాట, కళ్ళు పొడిచేది అని అర్థం. మన పక్కింటి తమిళులు దాన్ని 'కణ్‌కొత్తి' అనడం వినే ఉంటారు. ఆ మాటకూ అదే అర్థం. పాము కళ్ళు పొడవదు, పాపం. నా దగ్గర చదువుకుని వెళ్ళినవాళ్ళలో దొరికినంతమందికి ఉత్తరాలు రాశాను, నేను చెప్పిన పేరు మారిందని. చాలామంది బదులు రాశారు. ఒకమ్మాయి తన బడిలో గోడ మీది చార్టు కూడా దిద్దించింది.

మీలో సగం మంది రేపు సిప్కాట్ ఫ్యాక్టరీల్లో చేరతారు. అక్కడ మీ చేతికి కాలిపర్ ఇస్తారు. బల్లి తల పొడవు కొలిచేదీ దానితోనే, మిల్లీమీటరులో పదో వంతు వరకు. కొలతలెంత బాగున్నా చీటీ లేకపోతే నమూనా ఉంచిన సీసా దండగ. ఒక కొత్త జాతిని వర్ణించినప్పుడు ఒక నమూనాను హోలోటైప్‌గా నిలబెట్టాలి. ఆ పేరు ఎప్పటికీ ఆ ఒక్క శరీరానికి కట్టుబడి ఉంటుంది. అది ఏ ఊరి ఏ గుండు మీద, ఏ రోజు దొరికిందో రాయాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఆ నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించాలి, రేపు అనుమానం వచ్చినవాడు వెళ్ళి చూసుకునేలా.

చోటు పేరు ఎంత ముఖ్యమో గుత్తి సాలీడు చెబుతుంది. నెమలి నీలంలా మెరిసే ఆ పెద్ద సాలీడును 1899లో పోకాక్ వర్ణించాడు. చేతిలో ఉన్నది ఒక్కటే నమూనా, దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. గుత్తి చుట్టూ వెతికితే మళ్ళీ కనబడలేదు. కలపతో పాటు ఎక్కడినుంచో వచ్చి పడింది అది. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి అని తెలిసేసరికి 2001 అయింది. నూటరెండేళ్ళు. నా కుర్రతనంలో నేనొక కప్ప సీసా మీద 'హోసూరు' అని మాత్రం రాసి అలమరాలో పెట్టాను. ఏ చెరువో రాయలేదు, ఏ నెలో రాయలేదు. పదిహేనేళ్ళ తర్వాత ఆ కప్ప అవసరం పడింది. సీసా ఉంది, కప్ప ఉంది, నాకు చెరువు గుర్తు రాలేదు. ఆ నమూనా ఇవాళ్టికీ ఎందుకూ పనికిరాకుండా పడి ఉంది.

నా క్షేత్ర నోటుబుక్కులు పదకొండు తెచ్చాను. మీ జువాలజీ శాఖకు ఇచ్చి వెళ్తున్నాను. చివరి పుస్తకంలో అంచెట్టి దారిలో ఒక గుట్ట పేరు, గుండుకు వెళ్ళే కాలిబాట, మూడేళ్ళ కిందటి ఒక తేదీ రాసి ఉన్నాయి. దాని కింద ఒక పగటి బల్లి కొలతలు. పేరు రాయాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టాను. నాకు ఆ గుట్ట ఎక్కే మోకాళ్ళు ఇప్పుడు లేవు. వానలు తగ్గాక, పొద్దున ఎండ పడే వేళకు వెళ్తే గుండుకు తూర్పు వైపు పగుల్లో చూడండి.