వరిచేలో వాసన చేయు పని



పాపికొండలనుండి వెలువడి గోదావరి మైదానమున అడుగిడు ఈ పోలవరము ప్రాంతమున వరి పండించు రైతునకు తెల్లకంకి తెలియనిది కాదు. పైరు పిలకలు వేయునపుడు మొవ్వు ఎండుటయు, ఈనిన పిమ్మట కంకి తాలై తెల్లబడుటయు కాండము తొలుచు పురుగు చేయు చేటు. అది కాండములోపల దాగియుండును గనుక చల్లిన మందు దానికి సులభముగా తగులదు. అయినను ఆ జాతి యంతయు ఒక వాసనకు కట్టుబడి యున్నది.

రెక్కలు వచ్చిన ఆడపురుగు రాత్రివేళ ఒక వాసనను గాలిలోనికి విడుచును. మగపురుగులు తమ మీసములతో దానిని పసిగట్టి, గాలికెదురుగా ఎగిరి ఆడుదానిని చేరును. పిమ్మట ఆడుది ఆకు కొనలయందు గ్రుడ్లు పెట్టి నూగుతో కప్పును.

ఇట్టి పదార్థమును మొట్టమొదట తేల్చినది జర్మనీ శాస్త్రజ్ఞుడు బూటెనాంట్. ఆయన బృందము సుమారు 20 సంవత్సరములు శ్రమించి, 5 లక్షల ఆడ పట్టుచిలుకలనుండి దానిని వేరుచేసి 1959లో ప్రకటించినది. ఫెరమోను అను పేరును ఆ యేడే పుట్టినది. వరి పురుగు వాసనలో ముఖ్యమైన పదార్థములు రెండు. వాని పాళ్ళు ఇంచుమించు మూడును, ఒకటియు.

ఆ వాసననే కృత్రిమముగా చేసి, ఎరగా లింగాకర్షక బుట్టలో ఉంచెదరు. ఎకరమునకు మూడు నాలుగు బుట్టలు పురుగు రాకను తెలుపును. ఎనిమిది కట్టినచో మగపురుగులను పట్టుటకు ఉపకరించును.

ఇచట ఒక చిక్కు కలదు. బుట్టలో ఆడుది పడదు. ఒక్క రైతే బుట్టలు కట్టినచో, పొరుగు చేలో జతకూడిన ఆడుది వచ్చి అతని పైరుపై గ్రుడ్లు పెట్టును. గట్టు మనుష్యులకే గాని పురుగునకు లేదు. కావున ఒక బోదెక్రింది రైతులందరును ఒకే వారమున బుట్టలు కట్టవలెను; నాట్లకు ముందు నారు కొనలు త్రుంచవలెను; కోతలైన పిదప మోళ్ళలో పురుగు మిగులకుండ దున్నవలెను.

పురుగులను ఒక్కచోట చేర్చునది వాసన. మనుష్యులను చేర్చునది మాట. ఈ గ్రంథాలయమున ఒకరు చదివినది పదిమందికి చెప్పి, ఆ పదిమందియు కలిసి చేలోనికి దిగిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును.