ఊడివచ్చే ఊత



మా అబ్బాయి కొనితెచ్చిన రబ్బరు కప్పుల పిడిని స్నానాలగది గోడకు అంటించాం. నెల తిరక్కుండానే ఒక ఉదయం మా ఆవిడ పీట మీంచి లేవబోతూ పట్టుకుంటే, అది చేతిలోకి ఊడివచ్చింది. తలుపు దగ్గర నేనుండి పట్టుకున్నాను గనుక తుంటి ఎముక దక్కింది.

ఆ కప్పును గోడకు అదిమి ఉంచేది బయటి గాలి ఒత్తిడే. చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. టైల్సు మధ్య సందు మీద పడినా, పలక గరుకుగా ఉన్నా గాలి లోపలికి జొరబడుతుంది, పట్టు సడలుతుంది. ఊడేముందు చెప్పదు.

కాబట్టి అది తూలకుండా చెయ్యి ఆనించడానికే గాని, ఒంటి బరువు మోపడానికి కాదు. అమెరికా ప్రమాణాల ప్రకారం పట్టుకునే కడ్డీ 250 పౌన్లు, అంటే సుమారు 113 కిలోల బరువు ఓర్చాలి. పనివాణ్ణి పిలిచి, గట్టి గోడకు మరలతో స్టీలు కడ్డీ బిగించుకోండి. మేమూ అదే చేశాం.