మడ అడవి మన పొలానికి మొదటి గట్టు
(డెల్టా శివారు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం ధర గురించి మాట్లాడాల్సిన చోట ఈ అడవి గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కోరింగలోనూ, కృష్ణా మొగల దగ్గరా మిగిలిన మడ అడవి గురించి నేను చెప్పేది మన వరి కోసమే.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేల మందిని పొట్టన పెట్టుకుంది. నీళ్లు తీశాక ఉప్పు పొలాల్లో మిగిలింది. 1999లో ఒడిశాను పెనుతుపాను కొట్టింది. కేంద్రపార జిల్లా ఊళ్ల లెక్కలు తీసిన పరిశోధకులు 2009లో ఒక సంగతి బయటపెట్టారు: ఊరికీ సముద్రానికీ నడుమ మడ ఎంత వెడల్పుంటే చావులు అంత తక్కువ. ముందస్తు హెచ్చరిక ఇంకా ఎక్కువ ప్రాణాలు కాపాడిందనీ వాళ్లే చెప్పారు. కాబట్టి మడ ఉంటే తుపాను షెల్టర్లు అక్కర్లేదని ఎవరన్నా నమ్మకండి.

ఈ అడవితో బతికేవాళ్లు పాయల్లో వలలు వేసే మత్స్యకారులు, చేతులతో పీతలు పట్టే యానాదులు. పోటు ఏ పాయలోకి ఎంతదాకా ఎక్కుతుందో, ఏ నేలలో మడ లేస్తుందో, ఎక్కడ తిల్ల మాత్రమే బతుకుతుందో వాళ్లకు తెలుసు. గాలివాన వస్తే పడవలు దాచుకునేదీ ఆ పాయల్లోనే.

ఒకప్పుడు కూపులు వేసి నరికిన చోట మడ మళ్లీ ఎందుకు మొలవలేదు? నరికిన నేల ఎండి, కుంగి, పళ్లెంలా గుంట పడింది. పోటు నీరు లోపలికి వచ్చింది గాని పాటులో బయటికి పోలేదు. ఎండకు ఇగిరి ఉప్పు పేరుకుంది. మురుగు తీయని చేను చౌడు బారినట్టే కదా! ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊరి సంఘాలు కలిసి ఆ పర్రల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. నడుమ పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు పాటు ఆడింది, ఉప్పు తగ్గింది, నాటిన మొక్క నిలిచింది. డ్రెయిన్ల కోసం కొట్లాడే మనకు ఇది కొత్త పాఠం కాదు.

మరి నష్టం ఎటునుంచి? రొయ్యల చెరువులు. తీర నియంత్రణ మండలిలో వాటిని తీసేయమని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పిచ్చింది. తర్వాత 2005లో చట్టం తెచ్చి వాటికి మళ్లీ దారి ఇచ్చారు. చెరువు వేసిన రైతును నేను తిట్టను. వరి గిట్టకే అటు వెళ్లాడు. కానీ ఆ ఉప్పు పక్క చేనులోకి ఊరుతుంటే అడిగే నాథుడు లేడు. 2020లో కాకినాడ దుమ్ములపేటలో ఇళ్ల స్థలాల కోసం మడ నరికితే గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. పేదవాడికి స్థలం ఇవ్వాల్సిందే. ఉప్పెన వచ్చే దారిలోనా?

అభయారణ్యం పేరు చెప్పి వేటగాళ్లను బయటికి నెడితే అడవి కాపలా లేనిదవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం చేపల మీదా సముదాయ హక్కును గుర్తిస్తుంది. యానాదులు షెడ్యూల్డ్ తెగ. మిగతా మత్స్యకారులు 75 ఏళ్ల నివాసానికి రుజువు చూపాలి. ఆ కాగితాలు కూర్చడంలో మన మండల కమిటీలు వాళ్లకు తోడుండాలి. ఉప్పు ఊరుతున్న చేల సర్వే నంబర్లు, పక్క చెరువుల వివరాలు రాసుకుని వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. రెండు అర్జీలూ కలిపే కలెక్టరు దగ్గరికి వెళదాం.