ఏకనాయక భయము: అది యెంతవఱకు యుక్తము?

(మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



రాజకీయములు ముచ్చటింపరాదని మన సంఘ నిబంధనలలో నొక నియమము గలదు. అయినను కార్యదర్శిగారు మాకు నిర్ణయించిన విషయము రాజకీయమే. కావున నియమభంగ దోషము వారిది, ప్రసంగభారము మాత్రము మాది.

గొప్ప సంఖ్యాబలముతో క్రొత్త నాయకు డధికారమునకు వచ్చినప్పుడెల్ల "ఇక నియంతృత్వమే" యని కొందఱు భయపడుదురు. "గట్టివాడు దొరకెను, పనులు జరుగును" అని మఱికొందఱు సంతసింతురు. గుంటూరు మిరపకాయల యార్డులోను, ఒంగోలు బస్సులోను, ప్రత్తి తూకములయొద్దను ఈ వాదమే వినబడును. 2019లో మన శాసనసభ 175 స్థానములలో 151 ఒక్క పక్షమునకే దక్కినవి. 2024లో 164 ఒక కూటమికి దక్కినవి. రెండు మాఱులును అవే మాటలు వింటిమి. వాదించువారు మాత్రము చోట్లు మార్చుకొనిరి. నిన్న భయపడినవాడు నేడు నిశ్చింతుడు, నిన్నటి నిశ్చింతుడు నేడు భయభ్రాంతుడు. కనుక వేడి చల్లాఱిన యుదాహరణము నొకదానిని గైకొని పరిశీలించుట మేలు. అది 1983వ సంవత్సరపు మాట. మన కుటుంబములకు మిక్కిలి తగిలిన మాట కూడ.

నందమూరి తారకరామారావుగారు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో జదివినవారు. 1982 మార్చి 29న పక్షమును స్థాపించి, తొమ్మిది నెలలు తిరిగి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి యైరి. నాటి 294 స్థానములలో రెండువందలకు మించి వారివే. వెండితెరపై రాముడుగను గృష్ణుడుగను జూచిన మూర్తినే జనులు రాజ్యపీఠముపై గూర్చుండబెట్టిరి. దేవుని వేషము వేసినవానిని ప్రశ్నించుట యెట్లని వివేకులు సంశయించిరి. ఆ సంశయము హేతురహితము కాదు.

మొదటి దెబ్బ ఉద్యోగులకు దగిలెను. 1983 ఫిబ్రవరిలో ఉద్యోగవిరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు దగ్గించిరి. ఆ నెలాఖరునకే 18,000 మందికి మించి ప్రభుత్వోద్యోగులును, ప్రభుత్వ సంస్థలలోని 10,000 మందియు ఇంటి దారి పట్టిరి. వారిలో బిడ్డల పెండ్లిండ్లు పెట్టుకొన్నవారు, అప్పులు తీఱనివారు ఎందఱో యుండిరి. ఉద్యోగులు సమ్మె చేసిరి, న్యాయస్థానమున కెక్కిరి. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తగ్గింపు చెల్లునని తీర్పు చెప్పెను. కాని యీలోపల 1984లోనే వయస్సు మరల 58 ఏండ్ల కెక్కియుండెను.

రెండవది మన యింటిలోనే పడిన పిడుగు. 1984 జనవరి 6న ఆర్డినెన్సు ద్వారా కరణము, మునసబు మొదలగు గ్రామాధికారుల పదవులను రద్దుచేసిరి. తాతలనాటి అడంగలు పుస్తకములను, చిట్టాలను గుడ్డలో మూటగట్టి అప్పగించి వచ్చిన పెద్దల ముఖములు చూచినవారు ఈ సభలో నింకను గలరు. ఆ సంవత్సరము మన వారందఱి నోటను "నియంత" యనుమాటయే.

ఇచ్చట నొక వివేచన యావశ్యకము. పదవి పోయిన దుఃఖము వేఱు, స్వాతంత్ర్యము పోవునను భయము వేఱు. మొదటిదానికి రెండవదాని వస్త్రము గప్పి సభలలో నూరేగించితిమేమో విచారింపుడు.

వంశపారంపర్యపు హక్కునకు మొదటి గొడ్డలిపెట్టు రామారావుగారిది కానేకాదు. అది మన తెనాలి తాలూకాలోనే పడెను. 1956లో పెరవలి గ్రామమును రెండుగా జీల్చి పెరవలిపాలెమను క్రొత్త గ్రామమును జేసినప్పుడు, అచ్చటి మునసబు పదవి యెవరిదను వివాదము సుప్రీంకోర్టు వఱకు బోయెను. పాత మునసబు వంశమువానికే యీయవలయునని రివెన్యూ బోర్డువారి మతము. 1960 డిసెంబరులో న్యాయస్థానము, వంశమును బట్టి ప్రభుత్వోద్యోగ మిచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని 1895 నాటి మద్రాసు చట్టములోని యా భాగమును గొట్టివేసెను. అనగా తారకరామారావుగారు తెరపై నింకను బౌరాణిక పాత్రలు ధరించుచున్న దినములలోనే మన మిరాసీకి శాస్త్రము తప్పిపోయినది.

మఱియొక మాట. కటువుగా నుండిన క్షమింపవలయును. పల్నాటి మెట్టలో ప్రత్తి వేసిన కౌలుదారునకు, పర్చూరు నల్లరేగడిలో మిరప వేసిన కౌలుదారునకు ఏకనాయకపాలన యన నేమో హైదరాబాదును జూచి నేర్చుకొనవలసిన పని లేకుండెను. అడంగలులో సాగుదారు పేరు వ్రాయుటయా, మానుటయా యనునది యొక్క కలము చేతిలో నుండెను. ఆ పేరు లేనిచో అప్పు పుట్టదు, నష్టపరిహారము రాదు. ధర్మాత్ములైన కరణములు పెక్కుమంది యుండిరి, వారి పుణ్యమున బ్రదికిన గ్రామములును గలవు. కాని ధర్మాత్ముడు గాని కరణమునకు అడ్డుచెప్పువాడు గ్రామములో నెవడు?

వ్యక్తి మంచివాడా చెడ్డవాడా యను విచారణ యిందువలననే చాలదు. అడ్డుచెప్పుట కెవరు మిగిలియున్నారనునదియే మా ప్రశ్న. 1983–84 వ్యవహారమును ఈ కొలబద్దతో గొలిచినచో, భయపడవలసినవి నిజముగా గలవు. అవి మనవారు కేకలువేసిన చోట మాత్రము లేవు.

పదవుల రద్దుకంటె, దానిని జేసిన రీతి చింతనీయము. ఆర్డినెన్సనునది శాసనసభ కూర్చుండని వేళ అత్యవసరమునకు వాడుకొను మందు. సభ కూడిన ఆఱు వారములలో నది చట్టము కావలయును, లేదా చావవలయును. గ్రామాధికారుల విషయమున సభ కూడుచునే యున్నను, చట్టమునకు మాఱు ఒకదాని వెంట నొకటిగా నార్డినెన్సులే వచ్చినవి. 1985లో సుప్రీంకోర్టు ఈ రద్దును సమర్థించిన మాట నిజమే. కాని 1986 డిసెంబరులో బీహారు ప్రభుత్వపు వ్యవహారములో అదే న్యాయస్థానము, ఆర్డినెన్సులను మరల మరల బ్రకటించి పాలించుట రాజ్యాంగమును వంచించుటయే యనెను. మన సంఘము నాడు చేసిన విన్నపములలో "మా పదవులు మాకిండు" అను వాక్యము పదిమాఱులుండగా, "దీనిని శాసనసభలో జర్చింపుడు" అను వాక్యము మేము చూచినంతలో నొక్కటియు లేదు.

శాసనమండలి మాట యిట్టిదే. 1958లో నేర్పడిన యా సభలో ఉపాధ్యాయులకును, పట్టభద్రులకును ప్రత్యేక స్థానములుండెను. దానిని దీసివేయుటకు 1983లోనే తీర్మానించిరి, 1985 జూను 1న నది రద్దయ్యెను. 2007లో మరల వచ్చెను. 2020 జనవరిలో, రాజధానుల బిల్లులను మండలి నిలిపిన కొలది దినములకే, దానిని రద్దుచేయవలయునని శాసనసభ తీర్మానించెను. 2021 నవంబరులో ఆ తీర్మానమును వెనుకకు దీసికొనిరి. పక్షములు వేఱు, కాలములు వేఱు, కోపకారణ మొక్కటే: ఆ సభ "ఆగుడు" అని చెప్పగలుగుట.

పక్షములోపలి నిశ్శబ్దము అన్నిటికంటె బరువైనది. 1989 ఫిబ్రవరిలో బడ్జెటు రహస్యము వెల్లడి యయ్యెనని మంత్రులను 31 మందిని ఒక్కమాఱుగా దొలగించిరి. ఇందుకు మాఱుగా మన ఒంగోలు గడ్డపై బుట్టిన టంగుటూరి ప్రకాశముపంతులుగారిని దలచుకొనుడు. ఆయనయు నొంటెత్తు మనిషియే. 1946లో మద్రాసు ప్రధానియై క్రొత్త నూలుమిల్లులు వలదు, ఖద్దరే కావలయునని పట్టుబట్టెను. ప్రత్తి పండించు సీమవాడు మిల్లులు వలదనుట విడ్డూరమని నాడు విమర్శింపనివారు లేరు. కాని 1947 మార్చిలో స్వపక్షమువారే యాయనను దింపగలిగిరి. 1954 నవంబరులో ఆంధ్ర శాసనసభలో నొక్క వోటు తేడాతో వారి మంత్రివర్గము పడిపోయెను. ఆంధ్రకేసరికి లేని జంకు ఇతరులకును లేకుండెను. అదియే భేదము.

ఏకనాయక పక్షము ఆ నాయకునికే రక్ష కాదనుటకు 1995 ఆగస్టు నిదర్శనము. మాటాడు నలవాటు లేని శాసనసభ్యులు సభలో వాదింపక హోటలులో గుమిగూడిరి. కొలది దినములలో నాయకుడు మాఱిపోయెను.

ఇక 1984 ఆగస్టు. నియంత యగునని భయపడిన మనుష్యుడు అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినంతనే, ఆగస్టు 16న గవర్నరు రాంలాలుగారు వారిని బర్తరఫు చేసి, మన గుంటూరు జిల్లావారైన నాదెండ్ల భాస్కరరావుగారిచే బ్రమాణము చేయించిరి. శాసనసభలో బలపరీక్ష లేదు. రామారావుగారు తమ సభ్యులను ఢిల్లీకి గొనిపోయి రాష్ట్రపతి యెదుట నిలిపిరి. వీధులలో జనము నిలిచెను. గవర్నరు మాఱెను. సెప్టెంబరు 16న తారకరామారావుగారు మరల ముఖ్యమంత్రి యైరి. నిరంకుశత్వము క్రొత్తవాని వలన వచ్చునని తూర్పు వాకిలి గాచుచున్న వారికి, అది పాత మర్యాదలతో గవర్నరు సంతకముతో పడమటి వాకిటినుండి వచ్చెను. 1985లో జనులు వారినే మరల గెలిపించిరి, 1989లో వారినే యోడించిరి. ఓడినవారు దిగిపోయిరి. కాబట్టి 1983 నాటి భయము పూర్తిగా ఫలించిన దనుటకు వీలులేదు.

భయపడిన వారి పూర్వచరిత్ర నొకింత చూడవలయును. 1975 జూను 25న అత్యవసర పరిస్థితి వచ్చి, ప్రతిపక్ష నాయకులు చెఱసాలలలో నుండి, పత్రికలపై కత్తెర పడినప్పుడు మన తెలుగుదేశమున భయమెంత? 1977 ఎన్నికలలో ఉత్తరదేశము ఆ ప్రభుత్వమును గూలద్రోయగా, మనము 42 లోక్‌సభ స్థానములలో 41 ఆ పక్షమునకే యిచ్చితిమి. పాతవాని అధికారము అలవాటు వలన నొప్పి తెలియదు గాబోలు.

వేనుని కథ మీరెఱిగినదే. రాజు లేనిచో దొంగలు పెరుగుదురని మునులే వానిని గద్దెనెక్కించిరి, మితిమీఱినప్పుడు వారే హుంకరించి చంపిరి. చంపిన పిమ్మట దొంగలు మరల పెరిగిరి. హుంకారము మునులకు జాలును. మనకు గావలసినవి ఎన్నికలు.

ఈ సందర్భమున నొక నిశ్శబ్ద నిరంకుశత్వమును జెప్పెదము. 2018 ఆగస్టులో మన గ్రామపంచాయతీల గడువు తీఱెను. మరల ఎన్నికలు జరిగినది 2021 ఫిబ్రవరిలో. రెండున్నర యేండ్లు ప్రత్యేకాధికారులే గ్రామములను నడిపిరి. ఈ కాలము రెండు ప్రభుత్వముల క్రింద గడచెను గనుక ఏ పక్షమువారును రెండవ పక్షమును గట్టిగా దూషింపలేదు. నియంతృత్వమని కేకవేసినవాడు లేడు. మురుగుకాలువ మాట అడుగుటకు ఎన్నికైన మనుష్యుడు గ్రామములో లేకుండుట కంటె నేరైన యేకపాలన మేది?

రేపటి విషయనిర్ణయ సభకు రెండు తీర్మానముల ముసాయిదా సిద్ధమైనది. ప్రభుత్వాధినేతకు సన్మానపత్ర మర్పించుట యొకటి, మన వర్గమున కార్థిక సహాయమును గోరుట రెండవది. రెండింటికిని మేము విరోధులము కాము. పేదపిల్లల విద్యార్థివేతనములకు ధనము గావలయును, నమస్కారముతో నడుగుట మర్యాద. కాని సన్మానపత్రముతో బాటు రెండు వాక్యములు చేర్చవలయునని సవరణ వ్రాసితిమి. పంచాయతీల యెన్నికలు గడువు దాటరాదని యొకటి. ప్రతి యార్డినెన్సును తరువాతి శాసనసభా సమావేశముననే చట్టముగా జర్చకు బెట్టవలయునని రెండవది. "ఇవి చేర్చినచో ధనము రాదేమో" యని నిన్న రాత్రి భోజనపంక్తిలో నొక పెద్దలు శంకించిరి. వారి శంక నిజమైనచో, మనము విచారించుచున్న భయము నిజమనుటకు అదియే ప్రమాణము గదా!

సవరణ ప్రతిని కార్యదర్శిగారి కిచ్చితిమి. మన సంఘమున తీర్మానములు కరతాళధ్వనులతో నెగ్గుట పరిపాటి. ఈ యొక్కదానిపై మాత్రము చేతు లెత్తించి, అనుకూలురెందఱో ప్రతికూలురెందఱో లెక్కించి, ఆ లెక్కను సంచికలో నచ్చువేయవలయునని కోరుచున్నాము.