ఆఫీసు సర్వరు కూడా అమానతే

(సొసైటీ వార్షిక సమావేశంలో ఆఫీసు కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టామో, ఎన్ని కుటుంబాలకు నెలసరి సాయం అందిందో చెప్పుకుంటాం. ఆ లెక్కలు కార్యదర్శిగారు చదివారు. మాకు అప్పగించిన విషయం వేరు. ఆఫీసు వెనక గదిలో, బీరువా పక్కన, పన్నెండేళ్లు పగలూ రాత్రీ నడిచిన ఒక పెట్టె ఉండేది. దాన్నే సర్వరు అంటాం. నిరుడు వేసవిలో దాన్ని మార్చాం, దానితోపాటు ఈమెయిల్ ఏర్పాటునూ మార్చాం. అందుకు ఖర్చయినది మీరిచ్చిన డబ్బే. కాబట్టి ఎందుకు మార్చామో, ఎలా మార్చామో మీకు చెప్పవలసిన బాధ్యత మాకుంది. మేము కంప్యూటర్ ఇంజనీర్లం కాదు, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నదే చెబుతున్నాం.

ముందుగా ఒక సంగతి. 2024 మార్చిలో రెండో విడత స్కాలర్‌షిప్‌లకు ఇంటర్వ్యూలు పెట్టి, పిలుపు ఉత్తరాలు ఈమెయిల్లో పంపాం. కొందరు రాలేదు. అవసరం తీరిపోయిందేమో అనుకుని జాబితా ముగించేశాం. మూడు వారాల తరువాత ఒక తల్లి ఆఫీసుకు వచ్చింది. కూతురు నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది.

"ఇంటర్వ్యూకు అమ్మాయిని ఎందుకు తీసుకురాలేదమ్మా?" అని అడిగాం.

"మీరు పిలవనే లేదు కదా సార్. పిల్ల రోజూ ఫోన్లో చూసుకుంటానే ఉండింది" అంది.

అమ్మాయికి ఫోన్ చేసి, మెయిల్లో స్పామ్ అనే చోట చూడమన్నాం. లాటరీ మోసాల ఉత్తరాల మధ్య మన ఉత్తరం పడి ఉంది. ఈలోగా పరీక్ష ఫీజు గడువు వచ్చింది. తండ్రి వడ్డీకి తెచ్చి కట్టాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆ తల్లి తల దించుకుంది. నిజానికి తల దించుకోవలసింది మేము.

మర్నాడే రానివాళ్లందరికీ ఫోన్లు చేశాం. ఉత్తరం స్పామ్‌లో పడినవాళ్లకు మళ్లీ ఇంటర్వ్యూ పెట్టాం. ఆ తరువాత అసలు ఏం జరిగిందో తెలుసుకోవడానికి కూర్చున్నాం.

బడిలో టీసీ మీద హెడ్మాస్టరు సంతకం, ముద్ర ఉంటేనే అవతలి బడివాళ్లు పిల్లవాణ్ణి చేర్చుకుంటారు. ఈమెయిల్‌కూ అలాంటి ఏర్పాటు ఉంది. మన పేరుతో ఉత్తరాలు పంపే అధికారం ఏ సర్వరుకు ఉందో ముందే ప్రకటించే జాబితాను ఎస్‌పీఎఫ్ అంటారు. ప్రతి ఉత్తరం మీదా పడే ముద్రను డీకేఐఎం అంటారు. మోసపు ఉత్తరాలు పెరిగిపోవడంతో 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ నిబంధనలను గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టాయి. మనకు జాబితా లేదు, ముద్రా లేదు. నిజం చెప్పాలంటే, ఆ జాబితా పెట్టడానికి కొత్త సర్వరు అక్కరలేదు. పాత ఏర్పాటుతోనే పెట్టుకోవచ్చు. కానీ ఆ పెట్టెను, దానికి సంబంధించిన దేన్నయినా ముట్టుకుంటే ఉన్నదీ ఆగిపోతుందేమోనని ఎవరమూ చెయ్యి పెట్టలేదు. పాతదానితో అసలు చిక్కు ఈ భయమే.

మన దగ్గర ఉన్నది మైక్రోసాఫ్ట్ స్మాల్ బిజినెస్ సర్వర్ 2011. డెబ్బై ఐదు మంది లోపు పనిచేసే చిన్న ఆఫీసుల కోసం అన్నీ ఒకే మూటగా కట్టి ఇచ్చినది. ఫైళ్లకు, లాగిన్లకు విండోస్ సర్వర్ 2008 ఆర్2, మెయిల్‌కు ఎక్స్ఛేంజ్ 2010 అందులోనే ఉండేవి. 2012లో ఒక దాత కొనిచ్చారు. అల్లాహ్ ఆయనకు ప్రతిఫలం ప్రసాదించుగాక. ఎనిమిదేళ్లు చక్కగా పనిచేసింది. 2020 జనవరి 14తో ఆ విండోస్‌కు, అదే ఏడాది అక్టోబరు 13తో ఆ ఎక్స్ఛేంజ్‌కు కంపెనీ మద్దతు ముగిసింది. అంటే ఆ తరువాత లోపం బయటపడినా దానికి మరమ్మతు రాదు. కోవిడ్ రోజుల్లో ఆక్సిజన్, రేషన్ పనుల్లో పడి మేము పట్టించుకోలేదు. కోవిడ్ తరువాత కూడా పట్టించుకోలేదు. దానికి సాకు లేదు.

మరమ్మతు వేయకపోతే ఏమవుతుంది? 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, డబ్బు ఇస్తేనే తీస్తామని బెదిరించింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి మరమ్మతు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు నష్టపోయారు. 2020 తరువాత మనకైతే వేసుకోవడానికి మరమ్మతే లేదు. ఆ పెట్టెలో ఏమున్నాయి? పిల్లల మార్కుల జాబితాలు, ఆధార్ కాపీలు, వితంతువుల భర్తల మరణ ధ్రువపత్రాలు, బ్యాంకు పాస్‌బుక్కుల మొదటి పేజీలు, మీ పాన్ నంబర్లు. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచినదాన్ని అమానత్ అంటాం. జకాత్ సొమ్ము ఎంత అమానతో ఈ కాగితాలూ అంతే.

కమిటీలో ఒక పెద్దాయన సూటిగా అడిగారు: "ఈ డబ్బుతో ఎంతమంది పిల్లలకు ఫీజు కట్టవచ్చు?" న్యాయమైన ప్రశ్న. దాన్ని మేము తోసిపుచ్చలేదు. జకాత్ నిధిలోంచి దీనికి ఒక్క రూపాయి కూడా వాడకూడదని ముందే తీర్మానించుకున్నాం. సాధారణ విరాళాల నుంచే ఖర్చు పెట్టాం. ఆ పద్దును ఈ సంచికలోని ఆదాయ వ్యయ పట్టికలో విడిగా చూపించాం. ఇక ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు ఆ నర్సింగ్ అమ్మాయి ఇంటికి చేరిన వడ్డీయే. ఫీజు డబ్బు మన దగ్గర సిద్ధంగా ఉంది. కబురే చేరలేదు.

అయితే పాతదాని మీదే కొత్త వెర్షన్ వేసుకోవచ్చు కదా అనుకున్నాం. కుదరదని తెలిసింది. 2011 తరువాత అన్నీ కలిపిన ఆ మూటను కంపెనీ మానేసింది. ఎక్స్ఛేంజ్ 2010 మీద కొత్త ఎక్స్ఛేంజ్ నేరుగా ఎక్కదు. వేరే యంత్రం మీద కొత్తది పెట్టి, మెయిల్ పెట్టెలు ఒక్కొక్కటే తరలించాలి. 2010 నుంచి 2019కి ఒకే అడుగులో వెళ్లలేం, మధ్యలో 2013గానీ 2016గానీ మెట్టు ఎక్కాలి. ఇంత చేసినా 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగుస్తుందని అప్పటికే ప్రకటించారు. ఏడాదిన్నర కోసం ఆ శ్రమ దండగ.

అందుకని మూటను విప్పి రెండు చేశాం. మెయిల్‌ను మన గదిలో ఉంచుకోవడం మానేసి, క్లౌడ్‌లోకి మార్చాం. నమోదైన ధార్మిక సంస్థలకు పత్రాలు సరిచూసుకుని మైక్రోసాఫ్ట్, గూగుల్ రెండూ ఈ సేవను ఉచితంగానో తక్కువ ధరకో ఇస్తున్నాయి. ఫైళ్లు, ట్యాలీ లెక్కలు మాత్రం ఆఫీసులోనే ఉంచాం, ఎందుకంటే నెట్ పోయిన రోజున కూడా రసీదు రాయాలి. వాటికి విండోస్ సర్వర్ 2022తో కొత్త పెట్టె కొన్నాం. దీనికి 2031 అక్టోబరు దాకా మరమ్మతులు వస్తాయి.

మార్చే రోజును ఎంచుకోవడం కూడా ఒక పనే. అప్పటి నిబంధన ప్రకారం మీరిచ్చిన విరాళాల వివరాలను ఫారం 10బీడీలో మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు సమర్పించవలసి ఉండేది. అది సమర్పిస్తేనే 80జీ మినహాయింపు కోసం మీకు 10బీఈ ధ్రువపత్రం వచ్చేది. ఆలస్యమైతే సొసైటీ మీద రోజుకు 200 రూపాయల రుసుము పడేది. అందుకని ఆ పని ముగించి, బక్రీద్ పనులు మొదలుకాకముందు, జూన్ మొదటి శుక్రవారం జుమా నమాజు తరువాత ఆఫీసు మూసి మొదలుపెట్టాం.

కొత్త హాజరు పట్టీ రాసేటప్పుడు మేము పాతది పారేయం. పేర్లు ఎక్కించి, మొత్తాలు సరిపోయాయో లేదో చూసుకుంటాం. ఇక్కడా అదే చేశాం. ముందు బ్యాకప్. రోజూ "బ్యాకప్ పూర్తయింది" అని రాసి చూపించే పాత డిస్కును తెరిచి చూస్తే సగం ఫైళ్లు తెరుచుకోలేదు. ఆ రోజు మా గుండె జారిపోయింది. అదృష్టవశాత్తు సర్వరు ఇంకా నడుస్తోంది కాబట్టి కొత్తగా కాపీలు తీసుకున్నాం. ఇప్పుడు మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఆఫీసు బయట ఉంటాయి. మూడు నెలలకోసారి ఏదో ఒక పాత ఫైలును బ్యాకప్ నుంచి తెరిచి చూసి, పుస్తకంలో సంతకం పెడుతున్నాం.

తరువాత ముందుగా మా కమిటీవాళ్ల మెయిల్ పెట్టెలు రెండు మార్చి చూశాం. బాగుందని తేలాక మిగిలినవి మార్చి, ఒక్కొక్కదానిలో ఉత్తరాల సంఖ్య సరిచూశాం. మన మెయిల్ ఇకపై ఎక్కడికి రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డును శనివారం మార్చాం. ఇల్లు మారాక కూడా కొన్నాళ్లు ఉత్తరాలు పాత ఇంటికే వస్తాయి కదా, అలాగే రెండు రోజులు కొన్ని పాత సర్వరుకే వచ్చాయి. అందుకే దాన్ని వెంటనే ఆపలేదు.

ఇబ్బందులు రాకపోలేదు. సోమవారం స్కానర్ పనిచేయలేదు. అది కాగితాలను పాత సర్వరు ద్వారా మెయిల్ చేసేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. లెక్కలు చూసే సాహెబ్ పాత ఉత్తరాలు సర్వరులో లేవు, ఆయన బల్ల కింది పాత కంప్యూటర్లో ఒక ఫైలుగా ఉన్నాయి. అది దొరకడానికి ఒక రోజు పట్టింది. ఆఫీసంతా ఒకే పాస్‌వర్డ్ వాడుతోందనీ, అది మన ఆఫీసు ఫోన్ నంబరేననీ తెలిసింది. ఎప్పుడో ఉద్యోగం మానేసినవారి మెయిల్ ఖాతా ఇంకా తెరిచే ఉంది. ఇప్పుడు ఎవరి పాస్‌వర్డ్ వారిదే. లాగిన్ అయ్యేటప్పుడు ఫోన్లో కూడా ఒప్పుకోవాలి. "ఫోన్ ఇంట్లో మరిచిపోతే ఏం చేయాలి?" అని సాహెబ్ విసుక్కున్నారు. "ఆఫీసు తాళంచెవి మరిచిపోతే ఏం చేస్తారో అదే భాయీ" అన్నాం. ఇప్పుడు ఆయనకు అలవాటైంది.

పాత పెట్టెను తుక్కు వ్యాపారికి అలాగే అమ్మలేదు. డిస్కులను పూర్తిగా చెరిపి, బయటికి తీసి, డ్రిల్‌తో రంధ్రాలు పొడిపించాకే మిగిలినది ఇచ్చాం. వ్యక్తుల వివరాలను కాపాడే బాధ్యత గురించి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చెబుతోంది. చట్టం లేకపోయినా ఆ బాధ్యత మనదే.

ఎస్‌పీఎఫ్ జాబితా, డీకేఐఎం ముద్ర రెండూ పెట్టుకున్నాం. ఈ ఏడాది ఇంటర్వ్యూ పిలుపులు మెయిల్లో పంపి ఊరుకోకుండా, ప్రతి ఇంటికీ ఫోన్ కూడా చేశాం. యంత్రం కొత్తదైనంత మాత్రాన మన పని తగ్గదని ఆ తల్లి దగ్గర నేర్చుకున్నాం.

చివరగా దాతలకు రెండు విన్నపాలు. ఒకటి, ఆఫీసులో మీ ఈమెయిల్, పాన్ వివరాలు సరిగా ఉన్నాయో లేదో ఈరోజే బయట బల్ల దగ్గర చూసుకుని వెళ్లండి. రెండు, కొత్త సర్వరుకూ గడువు తేదీ ఉంది. 2031లో మళ్లీ మీ ముందుకు చేయి చాచే బదులు, ఇప్పటినుంచే సాధారణ నిధిలో ఏటా కొంత దీని కోసం పక్కన పెట్టాలని ప్రతిపాదిస్తున్నాం. బావిలో పూడిక తీయడానికి డబ్బిచ్చినవాడి పేరు శిలాఫలకం మీద ఉండదు. అయినా ఊరంతా ఆ నీళ్లే తాగుతుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతోంది. ఈ ఏడాది ఆమె ఫీజు గడువుకు వారం ముందే చేరింది. ఆ ఇంటివాళ్లకు ఈసారి అప్పు అక్కరలేకపోయింది. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మనకు అప్పగించిన అమానతులను కాపాడే శక్తిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.