ఉప్పెన మ్రింగిన పట్టణము మరల నిలచిన విధము



తుఫాను అను మాట ఆంధ్రతీరవాసులకు క్రొత్తది కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచినప్పుడు పట్టణములోను, చుట్టుపట్ల గ్రామములలోను సుమారు ముప్పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగిన విలయమును కన్నులార చూచినవారు నేటికిని ఉన్నారు. బంగాళాఖాతమున తుఫాను అనబడునదే అమెరికా తూర్పు, దక్షిణ తీరములలో హరికేను అనబడును. పేరు వేరైనను గాలి యొకటే, ఉప్పెన యొకటే. అట్టి హరికేను దెబ్బకు నేలమట్టమైన యొక రేవుపట్టణము తన్ను తాను ఎట్లు నిలబెట్టుకొన్నదో తెలిసికొనుట గ్రంథాలయ రజతోత్సవమునకు తగిన విషయమే. ఏలనన, ఆ కథలో గ్రంథాలయమునకును పాత్ర కలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాస్ రాష్ట్రపు తీరమున, మెక్సికో సింధుశాఖలో గాల్వెస్టన్ అను సన్నని ఇసుకదీవి కలదు. దాని వెడల్పు మూడు మైళ్ళకు మించదు. దానిపై అదే పేరుగల పట్టణము వెలసినది. 1900వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచ్చట 37,789 మంది ఉండిరి. ప్రత్తి ఎగుమతికి అది పేరెన్నికగన్న రేవు. ధనవంతుల మేడలు, బ్యాంకులు, పాఠశాలలు, దేవాలయములు దానికి శోభ గూర్చుచుండెను. కాని ఆ పట్టణములో మిక్కిలి ఎత్తైన చోటు సైతము సముద్రమట్టమునకు 8.7 అడుగుల పైన మాత్రమే ఉండెను.

అపాయము ముందుగా తెలియదని చెప్పుటకు వీలులేదు. అదే తీరమున ఇండియనోలా అను మరియొక రేవు ఉండెడిది. 1875లో ఒక తుఫాను, 1886లో మరియొక తుఫాను దానిని నాశనము చేయగా, ప్రజలు ఆ ఊరినే విడిచిపోయిరి. అది చూచి గాల్వెస్టను ప్రజలు తమ ఊరికి సముద్రపు గోడ కట్టవలెనని మాటలాడుకొనిరి. మాటలు జరిగినవి గాని గోడ లేవలేదు. కొన్నాళ్ళకు భయము చల్లారెను, ఖర్చు మాత్రము కన్నులకు కనబడెను. అచ్చటి వాతావరణ కార్యాలయపు అధికారియైన ఐజాక్ క్లైన్ సైతము, ఆ దీవికి తుఫానువలన గొప్ప కీడు కలుగునను భయము నిరాధారమని 1891లో పత్రికలో వ్రాసెను. అంతేకాదు, తీరమున సహజముగా నిలిచియున్న ఇసుకదిబ్బలను త్రవ్వి, ఆ ఇసుకతో ఊరిలోని పల్లములు పూడ్చుకొనిరి. ప్రకృతి కట్టిన గట్టును తమ చేతులతోనే తీసివేసికొనిరన్నమాట.

1900 సెప్టెంబరు మొదటి దినములలో క్యూబా దీవిని దాటిన తుఫాను ఎటు మరలునో అని తర్కము కలిగెను. అది పడమటి దిక్కుగా సింధుశాఖలోనికి సాగునని క్యూబా పరిశీలకులు తలచిరి. ఫ్లోరిడా వైపు, ఉత్తరముగా మరలునని వాషింగ్టనులోని అధికారులు నమ్మిరి. క్యూబావారి ఊహయే నిజమయ్యెను. సెప్టెంబరు 8, శనివారమునాడు పదునైదు అడుగులకు మించిన ఉప్పెన పట్టణముపై విరుచుకుపడెను. మూడువేల ఆరువందలకు పైగా ఇండ్లు ధ్వంసమైనవి. ఒక్క పట్టణములోనే ఆరువేలకు తక్కువ గాకుండ చనిపోయిరనియు, చుట్టుపట్ల ప్రాంతములు కలిపినచో మృతులు పండ్రెండువేల వరకు ఉండవచ్చుననియు అంచనాలు కలవు. భయము లేదని వ్రాసిన క్లైను భార్యయు ఆ నీటిలోనే కడతేరెను. ఒక అనాథాశ్రమములో పదిమంది సన్న్యాసినులు, పిల్లలు కొట్టుకొనిపోకుండుటకై వారిని త్రాళ్ళతో తమ నడుములకు కట్టుకొనిరి. పదిమంది తల్లులును, తొంబదిమంది బిడ్డలును మరణించిరి. ముగ్గురు బాలురు మాత్రము ఒక చెట్టును పట్టుకొని బ్రతికిరి.

తెల్లవారినది. ప్రధాన భూభాగమునకు పోవు వంతెనలన్నియు కూలినవి, తంతితీగలు తెగినవి. కొందరు పడవపై నీటిని దాటి వెళ్ళి లోకమునకు వార్త తెలిపిరి. శవములను పూడ్చుటకు నేల చాలక, బల్లకట్లపై సముద్రములోనికి కొనిపోయి విడిచిరి. అలలు వానిని మరల ఒడ్డునకే చేర్చెను. అప్పుడు చితులు పేర్చిరి. వారముల తరబడి ఆ చితులు ఆరలేదు. ఈ దారుణమైన పని చేయుటకు నల్లజాతివారిని తుపాకులు చూపి నిర్బంధించిరన్న సంగతియు దాచదగినది కాదు. ఉప్పెన అందరిని సమముగనే ముంచినది గాని, తరువాతి కష్టము అందరికిని సమముగ పంచబడలేదు.

అమెరికా రెడ్ క్రాసు సంస్థాపకురాలు క్లారా బార్టన్ డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున అచ్చటికి వచ్చి సహాయకార్యములు నడిపెను. ఆమె అన్నవస్త్రములతో సరిపెట్టలేదు. ప్రధాన భూభాగమున స్ట్రాబెరీ తోటలు పోగొట్టుకొన్న రైతులకు పదిలక్షలకు పైగా మొక్కలు తెప్పించి పంచిపెట్టించెను. గంజి నేటి ఆకలిని తీర్చును. మొక్క రానున్న సంవత్సరమునకు అన్నము పెట్టును. సహాయము చేయువారు మరువరాని భేదమిది.

ఇక ప్రజల ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే. ఇండియనోలావారివలె ఊరు విడుచుటయా? ఉండదలచినచో దేనిని నమ్ముకొని ఉండుట? 1901లో ముగ్గురు ఇంజనీర్లతో ఒక సంఘమును నియమించిరి. వారిలో ముఖ్యుడు హెన్రీ రాబర్ట్. సభలు నడుపు నియమములను గూర్చి ప్రసిద్ధ గ్రంథము వ్రాసినవాడును ఆయనయే. సంఘమువారు రెండు పనులు చెప్పిరి: సముద్రమునకు అడ్డముగా పదునేడు అడుగుల ఎత్తున కాంక్రీటు గోడ కట్టుట, గోడ వెనుకనున్న ఊరి నేలనే పైకి లేపుట.

గోడకు కావలసిన పదునైదు లక్షల డాలర్లను ఋణపత్రములమూలమున సేకరించిరి. ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న ఆ ప్రాంతపు ప్రజలే ఆ పత్రములు కొనిరి. 1902 అక్టోబరులో మొదలైన పని 1904 జూలైలో ముగిసెను. గోడ పొడవు మూడు మైళ్ళకు పైగా ఉండెను. అడుగున వెడల్పు పదునారు అడుగులు, పైన అయిదడుగులు. అల వచ్చి తగిలినచో పైకి లేచి వెనుకకు మరలునట్లు దాని ముఖమును లోనికి వంపుగా మలచిరి. గోడ పాదము కోసుకొనిపోకుండ పెద్ద పెద్ద గ్రానైటు బండలు పరచిరి.

రెండవ పని ఇంకను ఆశ్చర్యకరము. రెండువేలకు పైగా కట్టడములను మరజాకీలపై అంగుళమంగుళముగా పైకెత్తిరి. ఊరి నడుమ కాలువ త్రవ్వి, డ్రెడ్జరు ఓడలతో సముద్రపు టడుగునుండి ఇసుకనీటిని తెచ్చి, గొట్టములద్వారా ఇండ్ల క్రిందికి వదలిరి. నీరు జారిపోయి ఇసుక నిలచెను. మూడువేల టన్నుల బరువుగల ఒక చర్చిని ఏడువందల జాకీలతో అయిదడుగులు ఎత్తిరి. లోపల ప్రార్థనలు ఆగలేదు. ఎవరి ఇల్లు ఎత్తుటకైన ఖర్చు వారే పెట్టుకొనిరి. సుమారు ఏడెనిమిది సంవత్సరములు జనులు కొయ్యగుంజలపై వేసిన పలకల బాటలమీద నడచిరి. తోటలు, చెట్లు ఇసుక క్రింద పోయినవి. మురికికంపును, బురదను అందరును ఓర్చుకొనిరి. ఒక్క రాత్రి చూపిన ధైర్యముకంటె ఈ ఏండ్ల ఓర్పే గొప్పది.

1915 ఆగస్టులో మరియొక భయంకరమైన హరికేను వచ్చినది. గోడ నిలచినది. పట్టణములో మృతుల సంఖ్య వెనుకటితో పోల్చిన అత్యల్పము. కాని కోల్పోయినదంతయు తిరిగి రాలేదు. 1901లో టెక్సాసులో చమురు బయటపడుట, 1914లో హ్యూస్టను నగరమునకు ఓడకాలువ తెరచుట జరుగగా వర్తకమంతయు అటు మరలెను. 2008లో ఐక్ అను హరికేను వచ్చినప్పుడు నీరు ముందుగోడను తప్పించుకొని వెనుకనున్న అఖాతము వైపునుండి ఊరిలో ప్రవేశించెను. ఒక గోడ కట్టినంతమాత్రమున జాగ్రత్త ముగియదని దీనివలన తెలియుచున్నది.

ఇక గ్రంథాలయపు మాట. స్విట్జర్లండునుండి వచ్చి ఆ పట్టణమున వర్తకుడై స్థిరపడిన హెన్రీ రోజెన్‌బర్గ్ 1893లో చనిపోవుచు, ఉచిత గ్రంథాలయమునకై తన ఆస్తిలో పెద్ద భాగమును వ్రాసియిచ్చెను. ఊరు శిథిలమైయున్న ఆ దినములలోనే కట్టడము సాగి, గోడ పూర్తియైన 1904లోనే గ్రంథాలయమును తెరచిరి. మరుసటి ఏడు నల్లజాతివారికి వేరుగా ఒక శాఖ ఏర్పడెను. ఆ వేర్పాటు నాటి దోషము. అయినను పుస్తకము వారికిని అందినది. తుఫానునాటి ఉత్తరములు, ఛాయాచిత్రములు, బ్రతికినవారి కథనములు ఆ గ్రంథాలయముననే భద్రపరచబడియున్నవి.

గాల్వెస్టను మునిగినది గాలివలన మాత్రమే కాదు, మరపువలన కూడ. ఇండియనోలా చెప్పిన పాఠమును పదునాలుగేండ్లలో మరచిన ఊరది. మరపునకు మందు గ్రంథాలయము. కనుక ప్రతి గ్రామగ్రంథాలయమునను ఒక బీరువా ఆ ఊరి జ్ఞాపకములకై ఉండవలెను. ఏ ఏట నీరు ఎచ్చటివరకు వచ్చినది, ఏ గట్టు తెగినది, ఏ మిట్ట జనులను కాపాడినది అను సంగతులు వృద్ధులు జీవించియుండగనే వ్రాసి యుంచవలెను. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన చేతులకు ఇది భారము కానేరదు. ఆ వ్రాతలు చదివిన పిల్లలు, నీరు రాకముందే మిట్ట యెక్కుట నేర్తురు. గ్రంథాలయమునకు అంతకంటె మేలైన స్వర్ణోత్సవ కానుక యుండదు.