కాదన్నా కాగితం మీదే అనిపించండి

నల్లగౌన్లు వేసుకుని, ఈయన ఎప్పుడు ముగిస్తాడా, మనం ఫొటోలు ఎప్పుడు దిగుదామా అని చూస్తున్న పట్టభద్రులకు హృదయపూర్వక అభినందనలు.

స్నాతకోత్సవంలో పెద్ద కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర తలెత్తితే చాలు, నెలన్నరలో మీ జీవితం మార్చేస్తామనే ఫ్లెక్సీలు వరసగా కనిపిస్తాయి. ఆ సందుల్లో జావా నేర్పుతారు, పైథాన్ నేర్పుతారు, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో కూడా నేర్పుతారు. అక్కడ ఎవరూ నేర్పని విద్య ఒకటుంది. ఫీజు పది రూపాయలు. అమీర్‌పేట తహసీల్దారు ఆఫీసు లాంటి మండల స్థాయి కార్యాలయంలో అయితే ఐదే. గ్రామ స్థాయిలో అసలు ఫీజే లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడైనా ఉచితమే. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడమే ఆ విద్య.

నేను సర్కారు కొలువులో చాలాకాలం బల్లకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. ఏ దరఖాస్తు చూస్తే గుమాస్తా నవ్వి పక్కన పడేస్తాడో, ఏది చూస్తే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడో దగ్గరనుంచి చూశాను. అందుకే ఈ రోజు మీకు ధర్మోపన్యాసం ఇవ్వను. పని జరిగే పద్ధతి చెబుతాను.

ముందు నాలుగు మాటల్లో చరిత్ర. ఈ చట్టాన్ని ఢిల్లీ పెద్దలు ఉదారంగా ఇచ్చేయలేదు. రాజస్థాన్‌లో కరువు పనులు చేసిన కూలీలు తమ కూలి ఎవరి పేరున ఎంత రాశారో చూసుకోవడానికి మస్టర్ రోల్ చూపించమన్నారు. ఐఏఎస్ వదిలేసి వచ్చిన అరుణా రాయ్ లాంటివాళ్లు వాళ్లతో కలిసి నడిచారు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. అలా మొదలైన పోరాటం 2005లో చట్టమైంది. ఆ ఏడాది అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మన దగ్గరా ఆ గాలి వీచింది. ఉపాధి హామీ పనుల లెక్కలు గ్రామసభలో పైకి చదివించే సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందిపుచ్చుకుంది. 2009లో దాని కోసమే ప్రత్యేక సంస్థను పెట్టింది. అక్షరం రాని కూలీ మస్టర్ రోల్ అడిగి సాధించాడు. పట్టా చేతిలో పెట్టుకున్న మనం మున్సిపాలిటీ వాళ్లను ఒక్క కాగితం అడగడానికి జంకుతున్నాం.

ఎవరిని అడగాలి అన్నది తరువాతి మాట. ఈ కాలేజీ చుట్టూ చూడండి. పంజగుట్టలో నిమ్స్ ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది. ఎర్రమంజిల్‌లో నీటిపారుదల శాఖ, రోడ్లు భవనాల శాఖ ఇంజినీర్ల కార్యాలయాలున్నాయి. మన నెత్తి మీద మెట్రో పోతోంది. రైళ్లు నడిపే కంపెనీ ఏదైనా, ఆ ప్రాజెక్టును చూసే హైదరాబాద్ మెట్రో రైల్ లిమిటెడ్ ప్రభుత్వానిది. ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఒక పౌర సమాచార అధికారి ఉండాలి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, హోదా రాస్తే చాలు. ఒక ఆఫీసుకు వెళ్లాల్సిన దరఖాస్తు ఇంకో ఆఫీసులో ఇచ్చారనుకోండి, ఐదు రోజుల్లో దాన్ని సరైన చోటికి పంపే బాధ్యత వాళ్లదే. ‘మా సెక్షన్ కాదు, పై అంతస్తుకు వెళ్లండి’ అనే మాటకు ఈ చట్టంలో చోటు లేదు.

మరి ప్రైవేటు వాళ్ల సంగతి? ఇరుకు మెట్ల మీద వందల మంది పిల్లలు ఎక్కి దిగే కోచింగ్ సెంటర్‌కు మీరు నేరుగా దరఖాస్తు పెట్టలేరు. కానీ ఆ భవనానికి ఎన్ని అంతస్తులకు అనుమతి ఉంది, ట్రేడ్ లైసెన్స్ ఉందా, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ఇచ్చిందా అన్న కాగితాలు ప్రభుత్వ ఆఫీసుల్లోనే ఉంటాయి. వాటి నకళ్లు అడగొచ్చు. చదువుకోవడానికి వెళ్లే మెట్లు నిప్పు అంటుకుంటే దిగిరాగలిగినవేనా అని తెలుసుకోవడం మీ హక్కు.

ఈ చట్టంలో చాలామంది చూడని ఒక వాక్యం ఉంది. కాగితాల నకళ్లు తీసుకోవడమే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా పరిశీలించవచ్చు, వాడుతున్న సరుకు నమూనాను ధ్రువీకరణతో తీసుకోవచ్చు. సిమెంటు, ఇసుక, తారు, ఏదైనా సరే. 2007 సెప్టెంబరు 9, ఆదివారం సాయంత్రం, ఇదే పంజగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కూలింది. కింద వెళ్తున్నవాళ్ల ప్రాణాలు పోయాయి. అప్పటికి చట్టం వచ్చి రెండేళ్లు కావస్తోంది. పని నాణ్యత చూసుకోవడం ఇంజినీర్ల బాధ్యతే, అందులో అనుమానం లేదు. కానీ తన ఊళ్లో కడుతున్న వంతెన కాంక్రీటును పరీక్షకు అడిగే హక్కు మామూలు మనిషికీ ఉందన్న సంగతి ఆ రోజు మనలో ఎంతమందికి తెలుసు? సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లు మీలో ఉంటే, ఈ ఒక్క క్లాజు మీకోసమే రాశారనుకోండి.

ఇక అసలు విద్యకు వద్దాం. దరఖాస్తులు ఎక్కువగా ఓడిపోయేది ప్రశ్న దగ్గరే. ‘మా వీధి రోడ్డు ఎందుకింత అధ్వాన్నంగా ఉంది? బాధ్యుల మీద ఏం చర్య తీసుకుంటారు?’ అని రాస్తారు. న్యాయమైన కోపమే. కానీ దానికి ‘మీరు కోరినది సమాచార నిర్వచనంలోకి రాదు’ అని ఒక్క వాక్యంలో బదులొస్తుంది. ఒక జడ్జి తీర్పు అలా ఎందుకిచ్చారని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే ఒకాయన సమాచార హక్కు కింద అడిగితే, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010 జనవరిలో కోర్టు తేల్చి చెప్పింది: రికార్డులో ఉన్నది అడగండి, ఎందుకలా నిర్ణయించారని అడగడానికి ఈ చట్టం కాదు.

అదే ప్రశ్నను ఇలా మార్చండి. ‘ఫలానా వీధిలో ఫలానా సంవత్సరంలో వేసిన రోడ్డుకు సంబంధించి మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేట్, కాంట్రాక్టర్‌తో చేసుకున్న అగ్రిమెంట్, కొలతల పుస్తకం (ఎం.బుక్)లో ఆ పని కొలతలు రాసిన పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక, చివరి బిల్లు నకళ్లు ఇవ్వండి.’ ఇందులో ఎక్కడా కోపం లేదు. ఎవరినీ దొంగ అనలేదు. కానీ ఎస్టిమేట్‌లో రాసిన మందం, ఎం.బుక్‌లో రాసిన కొలత, వీధిలో మీ కాలికింద ఉన్న రోడ్డు, ఈ మూడూ పక్కపక్కన పెడితే ‘ఎందుకు’ అన్నదానికి జవాబు దానంతటదే వస్తుంది. కాంట్రాక్టర్ ఎన్నేళ్లపాటు ఆ రోడ్డును తన ఖర్చుతో బాగుచేయాలో కూడా ఆ అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటుంది.

దరఖాస్తు తెలుగులో రాయండి. అడగడానికి కారణం చెప్పనక్కర్లేదు, చట్టం ఆ మాట స్పష్టంగా రాసింది. రాయలేనివాళ్లు నోటితో చెబితే రాసిపెట్టే బాధ్యత కూడా ఆ అధికారిదే. స్వయంగా ఇస్తే మీ నకలు మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. పోస్టులో పంపితే స్పీడ్ పోస్ట్ రసీదు దాచుకోండి. గడువు లెక్క మొదలయ్యేది దరఖాస్తు ఆఫీసుకు అందిన తేదీ నుంచి. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. ఒక మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే నలభై ఎనిమిది గంటల్లోనే ఇవ్వాలి. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి పేజీకింత అని డబ్బు అడగకూడదు.

మీ వయసువాళ్లకు దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. తాను పరీక్షలో రాసిన జవాబు పత్రాన్ని చూపించమని ఒక విద్యార్థి అడిగితే సీబీఎస్‌ఈ కుదరదంది. కేసు కలకత్తా హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. దిద్దిన జవాబు పత్రం కూడా సమాచారమే, రాసినవాడికి చూపించాల్సిందేనని 2011 ఆగస్టులో తీర్పు వచ్చింది. ఆ తీర్పు విలువ మనకు 2019లో బాగా అర్థమైంది. ఆ ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో గందరగోళం జరిగి, తెలుగులో 99 మార్కులు రావాల్సిన అమ్మాయికి సున్నా పడింది. మెమో మీద అచ్చయిందే వేదవాక్కు అనుకుని కుంగిపోకూడదు. మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

సరే, అడిగారు. ఇవ్వలేదు. అప్పుడేం చేయాలి?

కౌంటర్ దగ్గర వాదనకు దిగకండి. ‘సార్ లేరు’, ‘ఫైలు దొరకట్లేదు’, ‘విచారణలో ఉంది’ అన్న మాటలు గాలిలో కలిసిపోతాయి. కాదనే అధికారి ఏ సెక్షన్ కింద కాదంటున్నాడో, ఎందుకో, ఎన్ని రోజుల్లో ఎవరికి అప్పీలు చేసుకోవాలో రాసి ఇవ్వాలని చట్టం చెబుతోంది. విచారణలో ఉన్నంత మాత్రాన సరిపోదు, సమాచారమిస్తే ఆ విచారణకు ఎలా అడ్డమో చూపించాలి. ఫైలులో కొంత భాగం ఇవ్వకూడనిదైతే అది తీసేసి మిగతాది ఇవ్వాలి. నిరాకరణ సబబేనని రుజువు చేసుకునే భారం అధికారిదే. అందుకే చెబుతున్నాను, కాదన్నా కాగితం మీదే అనిపించండి. నోటితో ఎంత ధైర్యంగా కాదన్న మనిషైనా సంతకం పెట్టాల్సి వచ్చేసరికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. నా సర్వీసంతా చూసింది ఇదే.

ముప్ఫై రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు చేయండి. జవాబే రాకపోతే దాన్నే నిరాకరణగా లెక్కేసి అప్పీలు చేయొచ్చు. ఆయన ముప్ఫై రోజుల్లో, మహా అయితే నలభై ఐదు రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మన కమిషన్ మోజంజాహీ మార్కెట్ దగ్గర సమాచార హక్కు భవన్‌లో ఉంది. సమాచారం ఇవ్వని అధికారి మీద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు. అది ప్రభుత్వ ఖజానా నుంచి కాదు, ఆయన జేబులోంచే పోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 18వ సెక్షన్ కింద కమిషన్‌కు నేరుగా ఫిర్యాదు చేసే దారి కూడా ఉంది. దరఖాస్తు తీసుకోకపోయినా, తప్పుడు సమాచారమిచ్చినా ఆ దారి పట్టొచ్చు. కానీ ఫిర్యాదు మీద కమిషన్ జరిమానా వేయగలదే తప్ప సమాచారం ఇవ్వమని ఆదేశించలేదని సుప్రీంకోర్టు 2011 డిసెంబరులో మణిపూర్ కేసులో చెప్పింది. కాగితం కావాలంటే 19వ సెక్షన్ కింద అప్పీలు, అధికారికి శిక్ష పడితే చాలనుకుంటే 18 కింద ఫిర్యాదు. ఈ తేడా తెలియక ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

అంతా సజావుగా ఉందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. 2023 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసిన కమిషనర్ల స్థానంలో రెండేళ్లకు పైగా మన రాష్ట్రం ఎవరినీ నియమించలేదు. అప్పీళ్లు వచ్చి పడుతూనే ఉన్నాయి, వినే మనిషి లేడు. ఇలాగైతే చట్టం ఉన్నా లేనట్టేనని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు హెచ్చరించాల్సి వచ్చింది. ప్రధాన కమిషనర్ వచ్చింది 2025 మేలో. ఆ ఏడాది నవంబరులో మరో దెబ్బ తగిలింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా చేసిన సవరణ అమల్లోకి వచ్చి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో నిరాకరించే వీలు పెరిగింది. అయితే ప్రజాప్రయోజనం ఎక్కువని తేలితే మినహాయింపు ఉన్న సమాచారాన్నైనా ఇవ్వవచ్చనే 8(2) సెక్షన్ ఇంకా బతికే ఉంది. ఇకమీదట మీ దరఖాస్తులో, అప్పీలులో ఆ సెక్షన్‌ను పేరుపెట్టి రాయండి, ప్రజలకు కలిగే మేలేమిటో రెండు వాక్యాల్లో చెప్పండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పక్కింటాయన మీద కక్షతోనో, ఒక ఉద్యోగిని బెదిరించి డబ్బు గుంజడానికో దరఖాస్తులు పెట్టేవాళ్లున్నారు. ఆఫీసంతా మీ కాగితాలు వెతకడంతోనే సరిపోయేలా కుప్పలు తెప్పలుగా అడగడం మంచిది కాదని సుప్రీంకోర్టు కూడా అంది. అలాంటి ఒక్కడి వల్ల నిజంగా అవసరమున్న పదిమంది దరఖాస్తులను అధికారులు అనుమానంగా చూస్తారు. తక్కువ అడగండి, సూటిగా అడగండి. పెద్దవాళ్లతో ముడిపడ్డ వ్యవహారమైతే ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి అడగండి.

మీలో చాలామంది గ్రూప్స్ రాస్తారు, కొందరు నెగ్గుతారు. అంటే రేపు బల్లకు అవతల మీరే కూర్చుంటారు. ఒక ముసలాయన పింఛను ఎందుకు ఆగిందో తెలియక, వంకర అక్షరాలతో ఒక కాగితం మీ ముందు పెడతాడు. అందులో ప్రశ్న సరిగ్గా ఉండకపోవచ్చు. దాన్ని తిప్పి పంపడానికి ఒక వాక్యం చాలు. ఆయనకు కావలసిన కాగితమేదో అడిగి తెలుసుకుని, రాసిపెట్టి, ఇచ్చి పంపడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట కోసమే మీకు జీతం.

కాబట్టి నా కోరిక చిన్నది. ఈ నెలలోనే ఒక దరఖాస్తు రాయండి. మీ వీధి దీపాల గురించో, మీ ఊరి బడి మధ్యాహ్న భోజనం బియ్యం గురించో, మీ నాయనమ్మ పింఛను గురించో. నకలు దాచుకోండి, తేదీ గుర్తుపెట్టుకోండి, జవాబు రాకపోతే అప్పీలు వేయండి. అడిగేవాళ్లు లేని చట్టాన్ని ఏ ప్రభుత్వమూ కష్టపడి రద్దు చేయనక్కర్లేదు, అదే మూలన పడుతుంది. దాన్ని మూలన పడనివ్వకండి.